ఒక్క కోర్ మీద నడవడం సబూత్ కాదు



మా ఫుప్పూ కొడుకు బచ్చన్నపేటలో జనగామ బస్సెక్కి, హైదరాబాద్ పోయి, లినక్స్ డ్రైవర్ల కోర్సు చేసిండు. ఫీజు కోసం ఫుప్పూ గాజులు గిర్వీ పెట్టింది. వాడు రాసిన కెర్నెల్ మాడ్యూల్ క్లాసులో నడిచింది, సర్టిఫికెట్ వచ్చింది. ఇంటర్వ్యూలో అదే మాడ్యూల్‌ని నాలుగు కోర్ల మిషన్ మీద ఎక్కిస్తే, ఐదు నిమిషాల్లో మిషన్ బిగుసుకుపోయింది. కసూర్ వాడిది కాదు. ఒక్క కోర్ వర్చువల్ మిషన్ మీద నడిపించి "హోగయా" అన్న ఉస్తాదులది.

మసీదు చందా హిసాబ్ అనుకోండి. పుస్తకంలో 5,000 ఉంది. ఇద్దరూ ఒకేసారి అది చూశారు. ఒకాయన 100 కలిపి 5,100 రాసిండు. రెండో ఆయన తను చూసిన 5,000కు 200 కలిపి, దాని మీదే 5,200 రాసిండు. వంద రూపాయలు గాయబ్! ఎవరూ చోరీ చేయలేదు. రెండు కోర్లు ఒకే డేటాను తాళం లేకుండా ముట్టుకుంటే ఇదే జరుగుతుంది. రాసేవాడు ఒక్కడే ఉన్నచోట ఈ ఖరాబీ చాలాసార్లు బయటపడనే పడదు.

"తాళం వేస్తే సరి" అంటారు. సరిపోదు. స్పిన్‌లాక్ పట్టుకున్న కోర్ మీదనే ఇంటరప్ట్ వచ్చి, దాని హ్యాండ్లర్ కూడా అదే తాళం అడిగితే, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఖయామత్ దాకా ఆగుతారు. అందుకే ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లు ఆపి తాళం పట్టాలి. స్పిన్‌లాక్ పట్టుకొని నిద్రపోకూడదు. నిద్రపోయే పనికి మ్యూటెక్స్ ఉంది. మాడ్యూల్ తీసేముందు, దాని టైమర్ ఇంకో కోర్ మీద నడుస్తుంటే అది ముగిసేదాకా ఆగాలి. ఒక్క ప్రాసెసర్ కోసమే, ప్రీఎంప్షన్ లేకుండా కట్టిన కెర్నెల్‌లోనైతే మామూలు స్పిన్‌లాక్ ఏ పనీ చేయదు. అక్కడ ఏం ఇంతెహాన్ పెట్టినట్టు?

1996లో లినక్స్ 2.0 బహుళ ప్రాసెసర్లకు వచ్చినప్పుడు కెర్నెల్ మొత్తానికీ ఒకే పెద్ద తాళం. దాన్ని పూర్తిగా తీసేసింది 2011లో, 2.6.39 వెర్షన్‌లో. పదిహేనేళ్ల మెహనత్ అది. అయినా 2007లో దూరిన ఒక రేస్ తప్పు, 'డర్టీ కౌ', 2016 దాకా మూతపడలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ అది ఉండింది.

"ముందు నౌకరీ రానీ, ఇవన్నీ తర్వాత నేర్చుకుంటాడు" అనేవాళ్లకు నా జవాబు: ఇవి రాకనే కదా మావాడికి నౌకరీ రాలేదు! మన జేబులో ఫోన్‌కే ఎనిమిది కోర్లుంటున్నాయి. ఒక్క కోర్ చదువు "చలే తో చాంద్ తక్, నహీ తో షామ్ తక్" సరుకు.

కాబట్టి అమ్మీలారా, అబ్బాలారా, ఫీజు కట్టేముందు మూడు సవాళ్లు అడగండి. ఎన్ని కోర్ల మీద పరీక్షిస్తారు? తాళాల తప్పులు పట్టే లాక్‌డెప్ ఆన్ చేసి చూపిస్తారా? అది 2006 నుంచి కెర్నెల్‌లోనే ముఫ్త్‌గా ఉంది. మాడ్యూల్‌ని నిండు పనిలో ఉండగా తీసి, ఎక్కించి చూపిస్తారా?

జవాబు తడబడితే లేచి రండి. ఇల్మ్ అమానత్. ఫుప్పూ గాజులు కూడా అమానతే.