విహారానికి బడి కావాలి, ఆ బడికి తలుపులు కావాలి

పుదుచ్చేరిలో మన తెలుగు బౌద్ధ కుటుంబాలు నలుగురు కలిస్తే ఈ మధ్య ఒక మాట తరచు వినబడుతోంది: "యూదుల్ని చూడండి. దేశం పోయినా నిలబడ్డారు. వాళ్ల మత బడులే వాళ్లను కాపాడాయి. మనమూ మన పిల్లల్ని మన బడిలోనే పెట్టుకోవాలి." ఇందులో సగం నిజం. మిగతా సగం మన పిల్లలకు చేటు.

ముందు నిజం చూద్దాం. క్రీ.శ. 64 ప్రాంతంలో యెహోషువ బెన్ గమ్లా అనే ప్రధాన పూజారి ఊరూరా ఉపాధ్యాయుణ్ణి పెట్టి, ఆరేడేళ్ల మగపిల్లల్ని బడిలో చేర్చాలని ఏర్పాటు చేశాడని తాల్ముద్ చెబుతుంది. తండ్రి ఉన్నవాడికి తండ్రి నేర్పేవాడు, లేనివాడు చదువులేకుండా పోయేవాడు. అందుకే ఆ ఏర్పాటు. మన దేశంలోనో? వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన తగరం, లక్క పోయమంది గౌతమ ధర్మసూత్రం. అక్కడ దిక్కులేని పిల్లవాడి కోసం బడి పుట్టింది, ఇక్కడ మన చెవులే మూశారు.

చదివే పద్ధతీ గమనించదగ్గదే. యెషివాలో ఇద్దరిద్దరు జంటగా కూర్చుని ఒకే వాక్యం మీద గంటల తరబడి వాదించుకుంటారు. వేదపాఠశాలలో అయితే స్వరం తప్పకుండా వల్లె వేయాలి. వాదన నేర్పిన చదువుకూ వల్లె నేర్పిన చదువుకూ తేడా ఉంది.

ఇక చేటు సంగతి. అదే యూదు బడి ఆడపిల్లలకు శతాబ్దాల పాటు తలుపు తెరవలేదు. 1917లో క్రాకోవ్ నగరంలో బట్టలు కుట్టుకునే సారా షెనిరర్ పూనుకుంటే గాని వాళ్లకంటూ మత బడి రాలేదు. ఈనాటికీ ఇజ్రాయెల్‌లో ఛాందస వర్గాల అబ్బాయిల బడులు చాలావాటిలో ప్రాథమిక తరగతులు దాటాక లెక్కలు, ఇంగ్లీషు దాదాపు ఉండవు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఏ ఉద్యోగానికి వెళ్లాలి? పిల్లలకు బయటి గాలి సోకకూడదనే మనవాళ్లు ఇది ఆలోచించాలి. దీనికి భిన్నంగా 1881లో మొదలైన కలకత్తా యూదు బాలికల పాఠశాలను చూడండి. నేడు అక్కడ చదివేవాళ్లలో అత్యధికులు ముస్లిం ఆడపిల్లలు. యూదులు తగ్గిపోయినా బడి నిలిచింది, ఎందుకంటే తలుపులు తెరిచి ఉంచింది.

మన ఊళ్లోనే ఇంకో రకం బడి ఉంది. పారిస్‌లో యూదు కుటుంబంలో పుట్టి, ఇక్కడ 'మదర్'గా పేరొందిన మీరా అల్ఫాసా 1943లో అరవిందాశ్రమ పాఠశాల ప్రారంభించారు. అది యూదు బడి కాదు. అక్కడ పట్టాలు ఇవ్వరు. చదువు ఆనందం కోసమే అంటారు. మంచి మాటే. కానీ ఆస్తి ఉన్నవాడికి పట్టా అక్కర్లేదు. చీపురు, చర్మం తప్ప వారసత్వం లేని ఇంటికి పదో తరగతి సర్టిఫికెట్టే మొదటి ఆస్తి.

"బౌద్ధానికి బడి ఎందుకు, పెద్దయ్యాక వాళ్లే తెలుసుకుంటారు" అనేవాళ్లకూ ఒక మాట. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు బెనె ఎఫ్రాయిమ్ పేరుతో యూదులుగా బతుకుతూ పిల్లలకు హీబ్రూ నేర్పుకుంటున్నాయి. కులం నుంచి బయటపడే దారి వెతుక్కున్న మనవాళ్లే వాళ్లు. గుప్పెడు కుటుంబాలు పరాయి భాషనే నేర్పగలిగితే, మన పిల్లలకు పంచశీల అర్థమైనా చెప్పలేకపోతున్నామేం? ఏప్రిల్ 14న దండ, అక్టోబర్ 14న ఊరేగింపు. మధ్యలో ఏముంది?

బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నది 1956లో. అంతకు పదకొండేళ్ల ముందే, 1945లో, పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. 1946లో బొంబాయిలో కళాశాల పెట్టి సిద్ధార్థుడి పేరు పెట్టారు. ఔరంగాబాద్ కళాశాలకు మిళిందుడి పేరు పెట్టారు. ఎవరా మిళిందుడు? నాగసేన భిక్షువును ప్రశ్నలతో నిలదీసిన రాజు. వాదించి నేర్చుకునే చదువును మనం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఆ కళాశాలల్లో అన్ని కులాలవాళ్లూ చదివారు. అక్కడ సైన్సు చెప్పారు, పట్టాలూ ఇచ్చారు.

కాబట్టి మేము అనేది ఇదే. వారమంతా పిల్లలు లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పే బడికే వెళ్లాలి. ఆదివారం రెండు గంటలు విహారంలో ధమ్మ బడి నడవాలి. అందులో ఆడపిల్లలు ముందు వరుసలో కూర్చోవాలి. పక్కింటి పిల్లలు వచ్చినా రానివ్వాలి. వల్లెతో ఆపకుండా ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి వాదించనివ్వాలి. "బుద్ధుడు చెప్పాడు గనుక నమ్మాలా?" అని ఒక పిల్ల అడిగితే ఆ రోజు బడి సరిగా నడిచినట్టు.

దీనికి భవనం అక్కర్లేదు. ఒక చాప, ఒక నల్లబల్ల, మనలో చదువుకున్నవాళ్ల రెండు గంటలు చాలు. ఆ రెండు గంటలు ఇవ్వలేనివాళ్లం యూదుల గొప్ప చెప్పుకుని ఏం లాభం?

జై భీమ్.