చేసి చూడండి: గిర్రున తిరిగే గడియారం

పిల్లలూ! దీపావళినాడు కాకరపువ్వొత్తిని గిరగిరా తిప్పే ఉంటారు. చేతిలో ఉన్నది ఒక్క నిప్పు. మరి గాలిలో కనబడే నిప్పుచక్రం ఎక్కడినుంచి వచ్చింది?

ఈ వింత మన పూర్వులకూ తెలుసు. తిరిగే కొరివి చూపించే చక్రానికి సంస్కృతంలో ‘అలాతచక్రం’ అని పేరే ఉన్నది. కంటికి తగిలిన వెలుగు వెంటనే మాయం కాదు, కొంచెంసేపు నిలుస్తుంది. ఎంతసేపు? ఫ్రాన్సు దేశంలో దార్సీ అనే ఆయన మండే బొగ్గును చక్రానికి కట్టి తిప్పి చూశాడు. సెకనులో దాదాపు ఎనిమిదో వంతు అని 1765లో తేల్చాడు. నిప్పు అంతలోపల ఒక చుట్టు తిరిగివస్తే తెగని చక్రం కనబడుతుంది.

ఈ కిటుకుతోనే ఒక గడియారం చేయవచ్చును. తేలికైన పట్టీమీద 8 ఎల్.ఇ.డి. దీపాలను వరసగా అమర్చి, పట్టీని మోటారు ఇరుసుకు బిగిస్తారు. అది సెకనుకు 30 చుట్లు తిరుగుతుందనుకుందాం. దీపాలను వెలిగించి ఆర్పే పని మైక్రోకంట్రోలరు అనే బుల్లి లెక్కలయంత్రానిది. మామూలు బల్బు తీగ వేడెక్కడానికీ, చల్లారడానికీ వ్యవధి కావాలి. ఎల్.ఇ.డి.కి ఆ బాధ లేదు. కంటికి కనబడే ఎర్రని వెలుగిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు.

ఒక చుట్టును 60 భాగాలు చేస్తే, ఒక్కొక్క భాగానికి దొరికే వ్యవధి సెకనులో 1,800వ వంతు! మనకు రెప్పపాటుకన్నా తక్కువే. కాని సెకనుకు కోటీ 60 లక్షల టిక్కులు కొట్టే మైక్రోకంట్రోలరుకు అందులోనే దాదాపు 8,900 టిక్కులు. బోలెడంత తీరిక!

ఇప్పుడు మూడు గంటలయిందనుకోండి. పట్టీ పన్నెండు దగ్గరికి రాగానే 8 దీపాలూ వెలుగుతాయి. అది పెద్దముల్లు. మూడు దగ్గర లోపలి 5 దీపాలు వెలుగుతాయి. అది చిన్నముల్లు. చివరి దీపం మాత్రం ఎప్పుడూ వెలుగుతూ గుండ్రని అంచు గీస్తుంది. 8 దీపాలు 480 దీపాల పని చేశాయన్నమాట!

అయితే పన్నెండు ఎక్కడున్నదో యంత్రానికెలా తెలుస్తుంది? అక్కడ, కదలని పీటమీద, చిన్న అయస్కాంతం పెడతారు. పట్టీమీది హాల్ సెన్సరు దానిని దాటినప్పుడల్లా ‘ఒక చుట్టయింది’ అని చెబుతుంది. ఆ చుట్టుకు పట్టిన కాలాన్ని యంత్రం 60తో భాగిస్తుంది. బాటరీ నీరసించి మోటారు మందగించినా ముళ్లు చోటు తప్పవు.

జాగ్రత్త సుమా! ఈ వేగంలో, ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరాన ఉన్న 10 గ్రాముల వస్తువు మూడున్నర కిలోల బరువులాగా బయటికి లాగుతుంది. అందుచేత బాటరీని ఇరుసు దగ్గరే గట్టిగా కట్టాలి. రెండోవైపు సరితూకం ఉండాలి. చుట్టూ గట్టి మూత తప్పనిసరి. నాన్నగారో, మాస్టారుగారో దగ్గర లేకుండా స్విచ్చి వేయవద్దు.

ఇక మీకొక ప్రశ్న. నాలుగు గంటల 24 నిమిషాలకు 60 భాగాలలో ఏ భాగం దగ్గర 8 దీపాలు, ఏ భాగం దగ్గర 5 దీపాలు వెలగాలి? చిన్నముల్లు నాలుగు దగ్గరే నిలబడి ఉండదని మరవకండి!