ఐ7 అనే మాట చూసి సంతకం పెట్టొద్దు



పోయిన మీటింగులో పిలకాయలకు గేమింగ్ కంప్యూటర్లు సంఘం తరఫున ఒకేసారి ఆర్డరిద్దాం, ఇంటింటివాళ్ళూ చీటీ కట్టినట్టు నెలనెలా తీర్చుకుందాం అనే మాట వచ్చింది. మంచి మాటే. మేం దానికి అడ్డం కాదు. మా గొడవంతా ఆ రోజు చేతులు మారిన కొటేషన్ కాగితం మీద. "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, లైట్లున్న క్యాబినెట్" అని ఒకే ఒక్క లైను రాసిచ్చారు. దాన్ని చూసి మనలో సగం మంది "ఐ7 అంటే పెద్దది కదా, ఈ రేటుకు ఎక్కడొస్తుంది" అని తలూపేశారు. ఆ తలూపుడు గురించే ఈ పోస్టు. పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి. దుడ్డు మీదే.

ఐ7 అనేది ఒక వస్తువు పేరు కాదు, వంశం పేరు. ఆ పేరుతో ఇంటెల్ చాలా ఏళ్ళుగా ప్రాసెసర్లు అమ్ముతా వచ్చింది. 2011 జనవరిలో వచ్చిన ఐ7-2600 కూడా ఐ7నే. ఆ రేటుకు ఇచ్చే ఐ7 ఏ తరందో మనం ఊహించుకోవచ్చు. రెండో తరమో మూడో తరమో, బెంగుళూరులో ఏదో ఆఫీసు తీసిపారేసిన పెట్టెలోంచి పీకింది. దానికి కొత్తగా చేసిన హెచ్61 బోర్డు తగిలించి, కొత్త క్యాబినెట్‌లో పెడితే కొత్త కంప్యూటరు అయిపోతుంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు చూడండి. ఐ7 అన్నారు, ఐ7 ఉంది. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

దాని పక్కన 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ పెట్టండి. రెండింటికీ నాలుగే కోర్లు, ఎనిమిదే థ్రెడ్లు. కానీ ఒక్కో కోరు చేసే పనిలో ఐ3ది దాదాపు రెట్టింపు వేగం. అంటే మన కాగితంలోని "ఏడు" ఆ "మూడు" ముందు నిలబడలేదు. ఇంకొక సంగతి. విండోస్ 11 కావాలంటే మైక్రోసాఫ్ట్ అడిగేది ఎనిమిదో తరం ఇంటెల్ నుంచి పైకి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మన పిలకాయలు ఎగబడే వాలరెంట్ ఆట విండోస్ 11లో నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాలంటుంది. పాత బోర్డు మీద ఆ ముచ్చట తీరదు. పోనీ పాత విండోస్ మీదే నెట్టుకొస్తాం అంటే, కొత్తగా వచ్చే కొన్ని ఆటలు ఏవీఎక్స్2 అనే సదుపాయం లేని ప్రాసెసర్ మీద తెరుచుకోనే తెరుచుకోవు. అది ఇంటెల్‌లో 2013 నాటి నాలుగో తరంతోనే వచ్చింది. ఇన్ని తిప్పలున్న దానికి రెండేళ్ళ పాటు చీటీ కడతామా?

ఇక "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు". ఏ కార్డు? పేరు రాయలేదు. ఆ ధరకు 4 జీబీ అని చెప్పి అమ్మేది ఎక్కువగా జీటీ 730. అది 2014 నాటిది. ఒకే పేరు మీద లోపల రెండు మూడు రకాల చిప్పులతో అమ్మారు. దాని మీద 4 జీబీ మెమరీ పెట్టడం ఎట్లుందంటే, అరంగుళం కొళాయికి సింటెక్స్ ట్యాంకు కట్టినట్టుంది. నీళ్ళు నిలవుంటాయి, ధార మాత్రం పెరగదు. జీటీ 1030 కథ ఇంకా ఘోరం. 2017లో వచ్చినప్పుడు జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. మరుసటేడాది అదే పేరుతో మామూలు డీడీఆర్4 మెమరీ పెట్టి ఇంకొకటి దించారు, అది దానికన్నా బాగా నెమ్మది. డబ్బా మీద పేరు ఒకటే. ఆర్‌టీఎక్స్ 3050 కూడా అంతే. 8 జీబీది వేరు, 6 జీబీది వేరు. తేడా మెమరీలోనే కాదు, లోపలి చిప్పును కూడా కత్తిరించారు. ఇన్ని జీబీలు అని మాత్రం చెప్పి పూర్తి మోడలు చెప్పని అంగడాయన దగ్గర మనం ఆగి అడగాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. ప్రాసెసర్‌కూ కార్డుకూ జత కుదరడం అంటే ఏమి?

గనులు తెలిసినోళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు. కింద ఎంత లోతులో ఎంతమంది తవ్వినా, వైండింగ్ ఇంజిన్ ఎంత ఖనిజం పైకి లాగితే మిల్లుకు అందేది అంతే. మిల్లు ఎంత పెద్దదైనా ఖాళీగా తిరుగుతుంది. ఇంజిన్ బలంగా ఉండి మిల్లు చిన్నదైతే ఖనిజం బయట కుప్పపడుతుంది. ఆటలో ప్రాసెసర్ చేసేది ఆ పైకి లాగే పని. ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎటు పోయింది, గోడ ఎట్ల పడింది, ఏమేమి గీయాలి అని లెక్కేసి ఒక్కో ఫ్రేమును సిద్ధం చేసి కార్డుకు ఇస్తుంది. కార్డు దాన్ని బొమ్మగా గీస్తుంది. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కోదానికి దొరికే టైము సుమారు 16.7 మిల్లీసెకన్లు. ప్రాసెసర్ ఒక ఫ్రేముకు 20 మిల్లీసెకన్లు తీసుకుంటే మీకు దక్కేది 50 బొమ్మలే. కార్డు అదే పనిని 8 మిల్లీసెకన్లలో చేయగలదు, అంటే 125 బొమ్మల సత్తా ఉంది. అయినా 50 దగ్గరే ఆగుతుంది. మిగతా సత్తాకు కట్టిన దుడ్డంతా సైనైడ్ గుట్టలో కలిసినట్టే.

మన సంఘంలోని కుర్రాళ్ళకు కూడా ఇక్కడ ఒక మాట. పెద్దోళ్ళు ఐ7 అనే మాటకు పడిపోతే, మీరు ఆర్‌టీఎక్స్ అనే మాటకు పడిపోతున్నారు. "ఇంట్లో ఉన్న పాత పెట్టెలోనే పెద్ద కార్డు దూర్చేస్తాం అన్నా" అని గ్రూపులో రాసినోళ్ళు ముగ్గురున్నారు. ఆ పెట్టెల్లో చాలావాటికి వచ్చేది ఆ కంపెనీ సొంత ఆకారంలో చేసుకున్న చిన్న పవర్ సప్లై. కార్డుకు కావలసిన 8 పిన్నుల వైరు అందులో ఉండదు. అది దాటినా ఇంకో చిక్కుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే కార్డు బోర్డుతో మాట్లాడేది నాలుగు దారుల్లోనే. కొత్త పీసీఐఈ 4.0 బోర్డు మీద అది సరిపోతుంది. పీసీఐఈ 3.0 మీద పెడితే చాలా ఆటల్లో నడుం విరుగుతుంది, 2.0 మీద ఇంక చెప్పనక్కర్లేదు. కార్డు మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు రాదు. దేని పక్కన అని అడగాలి.

దీనికి కొత్త ఉదాహరణ ఇంటెల్ ఆర్క్ బీ580. 2024 డిసెంబరులో 12 జీబీ మెమరీతో వచ్చింది. వేగమైన ప్రాసెసర్ల మీద పరీక్షించి అందరూ మెచ్చుకున్నారు. నెల తిరక్కుండానే, 2025 జనవరిలో, రైజెన్ 5 2600 లాంటి పాత ప్రాసెసర్ల మీద పెట్టి చూసినోళ్ళకు బండారం బయటపడింది. దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది కాబట్టి కొన్ని ఆటల్లో ఫ్రేములు దారుణంగా పడిపోయాయి. బడ్జెట్ కార్డు కొనేది బడ్జెట్ ప్రాసెసర్ ఉన్నోళ్ళే కదా! అదే జతలో తేలిపోయింది.

అట్లని ఇంటర్నెట్‌లో రెండు పేర్లు కొడితే "23 శాతం బాటిల్‌నెక్" అని చెప్పే లెక్కల యంత్రాలను కూడా నమ్మొద్దు. ఏ ఆట, ఏ సెట్టింగ్ అని అడక్కుండా చెప్పే శాతానికి అర్థం లేదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటల్లో కార్డు పని తేలిక, ప్రాసెసర్ మీదే బరువు. సైబర్‌పంక్ లాంటి దాంట్లో సెట్టింగులు పెంచితే కార్డు మీద బరువు. ఒకే ఇంట్లో ఒకే పెట్టె మీద అన్న ఆట ఒక తీరు, తమ్ముడి ఆట ఒక తీరు. తెలుసుకోవాలంటే సులభమైన దారి ఉంది. ఆటలో రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే ఆపుతున్నది కార్డు. పెరక్కపోతే ప్రాసెసర్. దీనికి ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు.

మరి ఏమి కొనాలి అంటారు. మా మాట ఇది. కార్డుతో కొనేవాళ్ళకు ఐ3-12100ఎఫ్ కానీ రైజెన్ 5 5600 కానీ చాలు. జతగా ఆర్‌ఎక్స్ 6600, లేదా కొంచెం చెయ్యి చాపగలిగితే ఆర్‌టీఎక్స్ 4060. ఇవి రెండూ 8 జీబీవి. ఒకదానికి 132 వాట్లు, ఇంకోదానికి 115 వాట్లు రేటింగు. దీనికన్నా పెద్ద కార్డు ఆ ప్రాసెసర్ల మీద మన మామూలు 1080పీ మానిటర్‌కు దండగ. దీనికన్నా పెద్ద ప్రాసెసర్ ఈ కార్డులకు దండగ. మొత్తం దుడ్డులో కార్డుకు పోయేది ప్రాసెసర్‌కు పోయేదానికి రెట్టింపు ఉంటే కంగారు పడొద్దు, ఆటల పెట్టెకు అదే న్యాయం. కాగితంలో ఇది తలకిందులుగా ఉంటే, అంటే ఐ7 అని గొప్పగా రాసి కార్డు పేరు దాచిపెడితే, అది ఆటల కంప్యూటరు కాదు.

ఒక జాగ్రత్త. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్‌లోనూ, మామూలు రైజెన్ 5 5600లోనూ సొంత గ్రాఫిక్స్ లేదు. కార్డు రిపేరుకు పోతే తెర నల్లగానే ఉంటుంది, ఆన్‌లైన్ క్లాసు కూడా ఆగుతుంది.

అంత దుడ్డు ఒకేసారి పెట్టలేని ఇళ్ళకు, మనలో ఎక్కువ మంది అట్లాంటోళ్ళే, మేం గట్టిగా చెప్పేది రైజెన్ 5 5600జీ. గ్రాఫిక్స్ అందులోనే ఉంది. కార్డు లేకుండానే వాలరెంట్ బాగా ఆడుతుంది, చదువుకూ పనికొస్తుంది. ఏడాది తర్వాత చేతిలో ఉంటే కార్డు వేసుకోవచ్చు. అది పీసీఐఈ 3.0 కాబట్టి అప్పుడు నాలుగు దారుల కార్డు మాత్రం వద్దు. ర్యామ్ 8 జీబీవి రెండు స్టిక్కులు వేయించాలి. ఒకే 16 జీబీ స్టిక్ వేస్తే ఆ లోపలి గ్రాఫిక్స్‌కు మెమరీ దారి సగమైపోతుంది. 2025 చివర్నుంచి మెమరీ ధరలు మండిపోతున్నాయి కాబట్టి ఇక్కడే చెయ్యి నొక్కాలని చూస్తారు. ఒప్పుకోవద్దు.

పాత కార్డుల గురించి కూడా చెప్పాలి. "మైనింగ్ చేసిన కార్డు" అంటే మనూర్లో అందరికీ నవ్వొస్తుంది, కానీ ఈ మైనింగ్ వేరే. 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మారాక ఆ పనిలో రాత్రింబగళ్ళు నడిచిన కార్డులు గుట్టలుగా సంతకు వచ్చాయి. ఆర్‌ఎక్స్ 580 అని అమ్మేవాటిలో 2048ఎస్‌పీ అనే రకం ఉంది, పేరు 580, లోపల సత్తా 570ది. తెలిసి, తక్కువకు, చూసి కొంటే అది మీ ఇష్టం. సంఘం పేరు మీద మాత్రం వద్దు.

పవర్ సప్లై గురించి కొటేషన్‌లో ఒక్క ముక్క లేదు. మనకు కరెంటు వచ్చీపోయే ఊళ్ళో అది మొదట రాయాల్సింది. 1902లోనే శివనసముద్రం నుంచి తీగలు లాగించుకుని గని యంత్రాలు నడిపిన ఊరు మనది. ఎన్ని వాట్లు, ఎవరు చేసింది, గ్యారంటీ ఎన్నేళ్ళు అని అడగడం మనకెవరూ నేర్పాల్సిన పని లేదు. ఆర్‌ఎక్స్ 6600కు 450 వాట్లది చాలు, కానీ అది పేరున్నది, 8 పిన్నుల వైరున్నది కావాలి. పైన 500 అని స్టిక్కర్ అతికించిన తేలికపాటి డబ్బా కాదు.

ఇక "ఆటలకు ఇంత దుడ్డెందుకు" అనే పెద్దలు. మీ మాట మాకు వినపడింది. అది ఇంట్లో మాట్లాడుకోండి, కొనకపోయినా ఎవరూ బలవంతం చేయరు. కానీ ఎట్లాగూ ఆటలకే కదా, ఏదో ఒకటి ఇచ్చేద్దాం అనడం మాత్రం న్యాయం కాదు. నరసాపుర ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసినోళ్ళది, తెల్లారకముందే మారికుప్పం బండెక్కి బెంగుళూరు పోయి వచ్చేవాళ్ళది, డెయిరీకి పాలు పోసినోళ్ళది ఈ దుడ్డు. బిడ్డ అడిగింది ఆడుకునే కంప్యూటరైతే ఆడే కంప్యూటరే ఇవ్వాలి. ఆడనిది ఇచ్చి ఆరు నెలలకు ఇంకో కార్డు, ఇంకో బోర్డు అని మళ్ళీ కట్టించడం అంటే చీటీ మీద చీటీ వేయించడమే.

ఈ ఆదివారం మీటింగులో మేం అడగబోయేది ఇదే. ఆ కొటేషన్ వెనక్కి పంపాలి. కొత్తది కనీసం మూడు అంగళ్ళ నుంచి తెప్పించాలి, అందులో ఒకటి ఎస్పీ రోడ్డుది ఉండాలి. ప్రతి భాగానికీ పూర్తి మోడలు నంబరు, విడి ధర, గ్యారంటీ ఏళ్ళు, కొత్తదా పాతదా అన్నది వేరువేరు లైన్లలో రాయాలి. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉండాలి. అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్క పెట్టె తయారు చేయించి, మన పిలకాయల ముందే వాళ్ళు ఆడే ఆటే నడిపి చూపించాలి. కాగితాలు వచ్చిన వెంటనే ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, ఏ లైను ఏమిటో రాత్రికి రాత్రి చదివి చెప్పే బాధ్యత మాది.