తోట తెలుగు: నిమ్మచెట్టు మీద ఎవరున్నారు?

ఈ నెల పాఠం మీ పెరట్లోనే ఉంది. ద పాండ్స్‌లో మనవాళ్ల పెరళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు: నిమ్మచెట్టు, కరివేపాకు మొక్క. వృక్షశాస్త్రం ప్రకారం ఈ రెండూ ఒకే కుటుంబం. ఎండలు ముదిరే కొద్దీ నిమ్మచెట్టు మీద పురుగులు కనిపిస్తాయి. వెంటనే స్ప్రే డబ్బా తీయకండి. మనకు ఒక సామెత ఉంది: చూసి రమ్మంటే కాల్చి వచ్చాడట. ముందు చూడండి. ఆ కొమ్మ మీద దొంగ ఉండొచ్చు, కాపలావాడూ ఉండొచ్చు.

దొంగ పేరు బ్రాంజ్ ఆరెంజ్ బగ్. నిమ్మ, నారింజ చెట్ల లేత కొమ్మల రసం పీలుస్తుంది. పూలు, పిందెలు రాలిపోతాయి. కాపలావాడి పేరు అసాసిన్ బగ్. అసాసిన్ అంటే హంతకుడు. ఇది చెట్టుకు హాని చెయ్యదు. ఇతర పురుగులను పొడిచి, వాటి రసం తాగుతుంది. ఆంధ్ర, తెలంగాణ రైతులు ఇలాంటివాటిని మిత్ర పురుగులు అంటారు. అక్కడి పత్తి, వేరుశనగ చేలల్లో ఈ కుటుంబం వాళ్లే లద్దె పురుగులను తింటారు.

ఇద్దరినీ ఎలా గుర్తుపట్టాలి? రంగును నమ్మకండి. బ్రాంజ్ ఆరెంజ్ బగ్ పిల్లలు పెరిగే దశలో నారింజ రంగులో ఉంటాయి. గ్మినాటస్ అనే అసాసిన్ బగ్ కూడా నారింజ రంగే. అందుకని ఈ మూడు చూడండి.

ఒకటి, తొండం. అసాసిన్ బగ్ తొండం పొట్టిగా, లావుగా, కొడవలిలా వంగి తల కింద ఉంటుంది. రసం పీల్చే దొంగ తొండం సన్నగా, తిన్నగా, ఒంటికి ఆనుకొని ఉంటుంది.

రెండు, తల, మెడ. అసాసిన్ బగ్ తల సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కళ్ల వెనక మెడ స్పష్టంగా కనిపిస్తుంది. దొంగ తల చిన్నది. భుజాల మధ్య ఇరుక్కున్నట్టు ఉంటుంది.

మూడు, ఒళ్లు. అసాసిన్ బగ్ ఎక్కువగా పొడుగ్గా ఉంటుంది, కాళ్లు కూడా పొడుగు. దొంగ పిల్లలు నాణెంలా పలచగా, గుండ్రంగా ఉంటాయి. పెద్దయ్యాక ముదురు కంచు రంగుకు మారి, డాలులా వెడల్పుగా కనిపిస్తాయి.

దొంగను గుర్తుపట్టడం ఇంతే. అసలు కష్టం అన్నదమ్ముల దగ్గర మొదలవుతుంది. సిడ్నీ తోటల్లో తరచుగా కనిపించే అసాసిన్ బగ్ పేరు ప్రిస్థెసాంకస్ ప్లాజిపెన్నిస్. గోధుమ రంగు, సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు. తేనెటీగలను కూడా పట్టి తింటుంది కనుక దీన్ని బీ కిల్లర్ అని కూడా పిలుస్తారు. మిత్రుడే కానీ, అన్ని విషయాల్లో కాదు. టిలోక్నెమస్ వెనక కాళ్లకు ఈకల్లాంటి వెంట్రుకలు ఉంటాయి. ఆ కాళ్లు ఊపి చీమలను పిలుస్తుంది. స్టెనోలెమస్ దోమలా సన్నగా ఉంటుంది. సాలెగూడు దారాలను మీటి, పురుగు చిక్కిందని సాలీడును నమ్మిస్తుంది. ఇక్కడి మక్వారీ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో ఈ సంగతి ప్రచురించారు.

వీటిని కాళ్లు, ఒళ్లు చూసి చెప్పొచ్చు. కానీ గ్మినాటస్ ఆస్ట్రాలిస్, గ్మినాటస్ వాలెన్‌గ్రెని రెండూ నారింజ రంగు అన్నదమ్ములు. ఫోటోలో స్పష్టత లేకపోతే గ్మినాటస్ అని రాసి ఆపండి. దక్షిణ భారతంలో రైనోకోరిస్ మార్జినేటస్ అనే ఒకే జాతి ఎరుపుగా, నలుపుగా, ఎరుపు నలుపు కలిసి, మూడు రూపాల్లో కనిపిస్తుంది. రంగు వేరైనంత మాత్రాన జాతి వేరు కాదు. రంగు ఒకటైనంత మాత్రాన జాతి ఒకటీ కాదు.

శాస్త్రీయ నామంలో రెండు మాటలు ఉంటాయి. మొదటిది ఇంటిపేరులాంటిది, రెండోది సొంత పేరులాంటిది. తెలుగువాళ్ల పద్ధతి కూడా ఇదే: ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫిజీకి వెళ్లిన మన ముత్తాతల ఎమిగ్రేషన్ పాసు మీద పేరు, తండ్రి పేరు, ఊరు రాశారు. ఇంటిపేరుకు గడి లేదు. ఒంటి మీది గుర్తులకు మాత్రం ఒక గడి ఉంది. అందుకే మనలో చాలామందికి ముత్తాత సొంత పేరే ఇంటిపేరుగా మిగిలింది. గుర్తులు రాసుకున్నా, మనిషి ఎవరో పూర్తిగా తెలియదు. పురుగుకైనా అంతే. సగం పేరే తెలిస్తే సగమే రాయాలి, మిగతాది ఊహించి నింపకూడదు.

ఒక హెచ్చరిక. అసాసిన్ బగ్‌ను చేత్తో పట్టుకోకండి. కుడితే చాలా నొప్పి. ప్లాజిపెన్నిస్‌కు రెండు రకాల విషం ఉందని, ఒకటి వేటకు, మరొకటి ఆత్మరక్షణకు అని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో చూపించారు. కుడితే సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ పెట్టండి. ఊపిరి ఆడకపోతే 000కు ఫోన్ చెయ్యండి. దొంగతోనూ జాగ్రత్త. అది చిమ్మే ద్రవం కళ్లలో పడితే మంట. కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకొని, దొంగలను సబ్బు నీళ్ల బకెట్‌లోకి రాల్చండి. కాపలావాణ్ణి వదిలెయ్యండి.

ఈ నెల మాటలు
తొండం: ఏనుగుకూ ఉంటుంది, పురుగుకూ ఉంటుంది.
పీల్చు: గాలి పీలుస్తాం. పురుగు రసం పీలుస్తుంది.
పిందె: పువ్వు తర్వాత, కాయకు ముందు.
గుర్తుపట్టు: చూసి, ఎవరో చెప్పగలగడం.

ఈ నెల పని: సెకండ్ పాండ్స్ క్రీక్ దారిలో నడిచేటప్పుడు ఒక పురుగును చూడండి. ముట్టుకోకండి. దాని తొండం, తల, ఒళ్లు గురించి తెలుగులో మూడు వాక్యాలు రాయండి. రంగు చివర రాయండి.