కుర్చీ పుట్టింది కార్మికుని కోసం!

డిగ్రీ మీద ఎంబీఏ చేసిన మన బిడ్డలు పెద్ద కంపెనీలల్ల హెచ్‌ఆర్ ట్రైనీలుగా చేరుతున్నరు. సంబురమే. కానీ మేం ఒక్కటే అడుగుతున్నం: మీరు కూసునే కుర్చీ ఎట్ల పుట్టిందో మీకెవరన్న చెప్పిన్రా?

1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్, 500 మందికి తక్కువ కాకుండ కార్మికులున్న కాడ సంక్షేమ అధికారి ఉండాలన్నది. 2025 నవంబర్ 21న అమలుకొచ్చిన కొత్త కోడ్ ఆ లెక్కను 250కి దించింది. ఆ కుర్చీ యజమాని దయతోని పడలే, కార్మికుని కోసం చట్టం వేయించింది.

మరి మీకు నేర్పుతున్నదేంది? మొదలు హాజరు, పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు. తర్వాత అసలు పని. పొమ్మనేది మేనేజర్, నవ్వుకుంట చెప్పే నోరు మీది. ‘నా ఇష్టంతోనే పోతున్న’ అని రాజీనామా రాయించే చెయ్యి మీది. ఏడాది నిండిన కార్మికున్ని మిగులు అని తీసేస్తే నెల నోటీసు, సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం ఇయ్యాలె. రాజీనామా రాస్తే ఆ పరిహారం లేదు. అందుకే ఆ కాయితం!

జీతం కంపెనీదే తీసుకోండ్రి, తప్పు లేదు. కానీ సంతకం అడిగే ముందు ఆ మనిషికి హక్కేందో చెప్పుండ్రి. రేపు అదే కాయితం మీ ముందటికీ వస్తది!