మన మీద రాసిన చదువు మన గుమ్మం దాకా రాదా?

సంఘం పెద్దలకు, సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చి వెనక వరసలో కూర్చుని ఏమీ అనకుండా వెళ్ళిపోయే మా ఈడు వాళ్ళకు నమస్కారం.

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం. కొంచెం కోపంగా కూడా. తీరిక చేసుకుని చివరిదాకా చదవండి. తెలుగు అక్షరాలు రానివాళ్ళు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. ఈ వ్యాసం వాళ్ళ గురించే.

మేము అంటే ఎవరమో మీకు తెలుసు. తమిళ బడిలో చదివి, రైల్వేలో గుమాస్తా పని చేసి, పింఛను తీసుకుంటున్నవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసు ఫైళ్ళలో ఇంగ్లీషు. హిందీ పరీక్ష పాసయితే ఇంక్రిమెంటు ఇచ్చారు, అదీ రాశాం. తెలుగు అక్షరం నేర్పడానికి మాత్రం ఏ ఆఫీసూ ముందుకు రాలేదు. పెద్దయ్యాక వాచకం కొనుక్కుని, గూడూరు, రేణిగుంట వైపు డ్యూటీకి వెళ్ళినప్పుడు స్టేషన్ బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్నాం. తమిళం మీద మాకు కోపం లేదు. మాకు అన్నం పెట్టిన భాష అది. మా కోపం వేరే చోట ఉంది.

మన వీధుల్లోకి పరిశోధకులు వస్తుంటారు. భాష మీద, చదువు మీద, వలస మీద అంటారు. ప్రశ్నల కాగితం, రికార్డరు తెస్తారు. మనం కాఫీ ఇస్తాం. పెద్దవాళ్ళ చేత పాటలు పాడిస్తాం, సామెతలు చెప్పిస్తాం. పిల్లల్ని పిలిచి చదివిస్తాం. వాళ్ళు రాసుకుని వెళ్తారు. కొన్నేళ్ళకు అది ఇంగ్లీషు పత్రికలో అచ్చవుతుంది. ఒక్క వ్యాసం తెరిచి చూడాలంటే వేలల్లో డబ్బు కట్టమంటుంది కంప్యూటరు. పార్సిల్ ఆఫీసులో ఒక్క గోతాం బుక్ చేసినా చేతికి రసీదు ఇచ్చేవాళ్ళం. సరుకు ఎక్కడికి పోయిందో, ఎప్పుడు దిగిందో ఆ రసీదు పట్టుకుని అడగవచ్చు. మన నోటి మాటకు రసీదు లేదు. సరుకు పోయింది, దిగిన చోటు తెలియదు.

ఇదేం పెద్ద విషయం, ఎవరో పీహెచ్‌డీ చేసుకున్నారు, మనకేం నష్టం అని మన సంఘంలోనే కొందరు అంటున్నారు. నష్టం ఉంది. మూడు లెక్కలు చెప్తాం.

మొదటిది జనాభా లెక్క. 2011 లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 42 లక్షలకు పైన. ఇందులో అక్షరాస్యులు ఎందరు అని అడగండి, బోలెడు మంది అని చెప్తారు. ఆ లెక్కలో అక్షరాస్యుడు అంటే ఎవరు? ఏడేళ్ళు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవను, రాయను వచ్చినవాడు. ఏదో ఒక భాషలో! అంటే తమిళం చదివి తెలుగు ఒక్క అక్షరం రానివాడూ అక్షరాస్యుడే. వాడి గడప మీద తెలుగు మాతృభాష అనీ, అక్షరాస్యుడనీ రెండు గీతలు పడతాయి. ఆ రెండు గీతల మధ్య ఉన్న గుంట ఏ పట్టికలోనూ కనబడదు. కోలారులో కన్నడం చదివిన తెలుగువాడికీ, సోలాపూరులో మరాఠీ చదివిన పద్మశాలీ పిల్లకీ, బరంపురంలో ఒడియా చదివిన పిల్లవాడికీ ఇదే కథ. యానాం వాళ్ళ సంగతి వేరు, అక్కడ తెలుగు ఆఫీసు భాష కూడా.

రెండోది బడి లెక్క. రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. భాషాపరంగా మైనారిటీ అయిన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని. అంతకు ముందే 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని కొలత పెట్టారు. బడి మొత్తం మీద 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలు ఉంటే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి. తమిళనాడులో 2006 చట్టం తరవాత తమిళం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ 2015–16కి పదో తరగతి చేరింది. మన పిల్లలకు మినహాయింపు కావాలని కోర్టుల చుట్టూ తిరిగాం. ఇవన్నీ అందరికీ తెలుసు. తెలియనిది ఒకటే. మన పేటలో, మన ఊళ్ళో, ఏ బడిలో ఏ తరగతిలో మన పిల్లలు పదిమంది ఉన్నారు? అర్జీ పట్టుకుని వెళ్తే ఆఫీసరు అడిగే మొదటి ప్రశ్న అదే. మా సర్వీసంతా లెక్కల పుస్తకాలతోనే గడిచింది కాబట్టి చెప్తున్నాం, అంకె లేని అర్జీ ఏ టేబుల్ మీదా కదలదు.

మూడోది అక్షరం లెక్క. ఇది మన పిల్లల కళ్ళ ముందు జరిగేది. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ప, బ రెండింటికీ ఒకటే. త, దలకూ ఒకటే. కాబట్టి తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాస్తే ముళ్ళ కంపా, బుట్ట గంపా ఒకటైపోతాయి. పండీ, బండీ ఒకటే. తడీ, దడీ ఒకటే. మన వాట్సాప్ గ్రూపుల్లో తెలుగును తమిళ లిపిలో రాసే కుర్రవాళ్ళు రోజూ ఇదే చేస్తున్నారు. తమిళంలో హల్లు మీద చుక్క పెడితే సరిపోతుంది, మనకు కింద ఒత్తు రాయాలి. తమిళం ముందు నేర్చిన పిల్ల తెలుగు దగ్గరకు వచ్చేసరికి ఒత్తు దగ్గరే ఆగిపోతుంది. దీన్ని ఎలా దాటించాలి? ఎన్ని నెలలు పడుతుంది? ఏది ముందు చెప్పాలి, ఏది తరవాత? ఆదివారం సంఘం హాలులో అక్షరాలు నేర్పే మన అక్కలకు, చెల్లెళ్ళకు కావలసిన పరిశోధన ఇది. తమిళ బడి పిల్లకు తెలుగు ఎలా నేర్పాలో చెప్పే ఒక్క కాగితం ఇంతవరకు వాళ్ళ చేతికి అందలేదు.

ఇలాంటి విషయాల మీద పనే జరగలేదని మేము అనడం లేదు. సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ పిల్లలు అక్షరాలు ఎలా పట్టుకుంటారో చూసి 2007లో ఇంగ్లీషు పత్రికలో ప్రచురించారు. కన్నడ లిపి, మన లిపి అక్కచెల్లెళ్ళు. ఆమె చూసిందేమిటంటే, ఇంగ్లీషు లాంటి భాషల్లో అక్షరమాల త్వరగా అయిపోతుంది కానీ, మన గుణింతాలు, ఒత్తులతో కూడిన అక్షరాలన్నీ పట్టుబడడానికి ఏళ్ళు పడుతుంది, నాలుగో తరగతి దాకా కూడా సాగుతుంది. ఈ ఒక్క మాట మన సంఘాలకు తెలిసి ఉంటే వేసవి సెలవుల్లో 30 రోజుల క్లాసు పెట్టి, సర్టిఫికెట్టు ఇచ్చి, ఫొటో తీసి, తెలుగు నేర్పేశాం అని చేతులు దులుపుకునేవాళ్ళు కాదు. ఆ పరిశోధకురాలిని మేము తప్పుపట్టడం లేదు, ఆ పని విలువైనది. దాన్ని తెలుగులోకి దించి పంచే దారి లేకపోవడమే మా ఫిర్యాదు.

ప్రభుత్వం దారి వేసింది కదా అంటారు. వేసింది. 2024 నవంబరులో 'ఒకే దేశం, ఒకే చందా' అని కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300 సంస్థలు. మంచిదే. కానీ ఆ సంస్థలంటే ప్రభుత్వ కాలేజీలు, విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు. ఊరి ప్రాథమిక బడి అందులో లేదు, మన సంఘం హాలూ లేదు. అక్షరం నేర్పే చోటికి అక్షరం మీద పరిశోధన రాదు. వచ్చినా ఇంగ్లీషులో ఉంటుంది. గోడౌన్లో సరుకు దిగింది, తాళం చెవి మాత్రం వేరేవాళ్ళ దగ్గర ఉంది.

ఇక్కడ విద్వాంసులు ఒక జవాబు చెప్తారు. ఇంగ్లీషు పత్రికలో వస్తేనే ఉద్యోగం, ప్రమోషను. తెలుగులో రాస్తే ఎవరు లెక్కిస్తారు? ప్రమోషను బాధ మాకు తెలియనిది కాదు. ఇంగ్లీషులో రాయండి, మేము అడ్డం రాం. దానితో పాటు ఇక్కడ కూడా రాయండి. రెండూ చేసినవాళ్ళు ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో, అంటే ఇప్పటి ఒడిశాలో, ఉండి సవర భాష నేర్చుకున్నారు. పండితుల కోసం ఇంగ్లీషులో సవర వ్యాకరణం రాశారు, 1931లో అచ్చయింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే సవర పిల్లల కోసం సవర భాషలో, తెలుగు లిపిలో వాచకాలు రాశారు. పెద్ద పుస్తకం పండితుడికి, చిన్న పుస్తకం పిల్లవాడికి. వందేళ్ళ కింద, కంప్యూటరు లేకుండా, ఒక బడి పంతులు చేసిన పని ఇది.

తెలుగులో శాస్త్రం రాయలేం, మాటలు చాలవు అనేవాళ్ళకు భద్రిరాజు కృష్ణమూర్తి గారిని చూపిస్తాం. ఆయన పేరు ప్రపంచమంతా ఇంగ్లీషు పుస్తకాలతో తెలుసు. కానీ రైతుల నోటి నుంచి మాటలు సేకరించి వ్యవసాయ పదకోశాన్ని 1962లో, చేనేత పదకోశాన్ని 1971లో తెలుగులోనే ఇచ్చారు. ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ళ భాషలోనే తిరిగి ఇచ్చారు. కానీ అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల వరకే. మన కోయంబత్తూరు, విరుదునగర్ రైతు తెలుగు అందులో లేదు. సోలాపూరు మగ్గం మీద మాట్లాడే తెలుగూ లేదు. మన ఇంట్లో తెంకాయ అంటాం, అక్కడి నుంచి తెప్పించిన వాచకంలో కొబ్బరికాయ అని ఉంటుంది. పిల్ల తెంకాయ అని చదివితే తప్పు అని దిద్దుతారు. తప్పు ఎవరిది?

ఇక డిగ్రీ లేనివాళ్ళం మనమేం చేస్తాం అని తల వంచుకునేవాళ్ళకు ఒకే పేరు చెప్తాం. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ కి. రాజనారాయణన్. కి.రా. అంటే మన పక్క ఎవరికి తెలియదు? ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. కాలేజీ గడప తొక్కలేదు. కరిసల్ సీమ తమిళ మాటలకు నిఘంటువు ఆయనే కూర్చారు. తరవాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ని పిలిచి ఆచార్యుడిగా కూర్చోబెట్టింది. తమిళానికి ఆ పని ఒక తెలుగింటి మనిషి చేశాడు. అదే కరిసల్ నేల మీద మనం మాట్లాడే తెలుగుకు ఆ పని ఎవరు చేస్తారు? హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి చేస్తారని ఎన్నాళ్ళు కూర్చుంటారు?

ఇప్పుడు మన సంఘాల సంగతి. ఉగాదికి ప్రత్యేక సంచిక వేస్తాం. రంగు కాగితం. ముందు పేజీల్లో శుభాకాంక్షలు, తరవాత దాతల ఫొటోలు, ఆ తరవాత నగల కొట్టు ప్రకటన, చివర ఎక్కడో ఒక కవిత. పదేళ్ళ సంచికలు ముందు పెట్టుకుని చూడండి. ఆ పదేళ్ళలో మన ఊళ్ళో ఎంతమంది పిల్లలు తెలుగు చదవడం మానేశారో, ఎంతమంది నేర్చుకున్నారో ఒక్క పేజీలోనైనా ఉందా? పరిశోధకుడు మన గురించి మనకు చెప్పకపోవడం ఒక తప్పు అయితే, మన డబ్బుతో మనం వేసుకునే పుస్తకంలో మన గురించి ఏమీ లేకపోవడం అంతకు పెద్ద తప్పు. ఈ మాట పెద్దలకు నచ్చదని తెలిసే రాస్తున్నాం.

ఇంట్లో మాట్లాడుతున్నంత కాలం భాషకు ఏమీ కాదు అని ప్రతి సభలోనూ చప్పట్లు కొట్టించుకునే మాట ఒకటుంది. మరి అదే సభకు ఆహ్వానపత్రం తమిళంలో ఎందుకు అచ్చు వేస్తున్నారు? చదివేవాళ్ళు లేరు కనుక. చదవలేని భాషలో అర్జీ రాదు, పుస్తకం అమ్ముడుపోదు, ఉపాధ్యాయుడి పోస్టు నిలవదు.

కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు తీర్మానాలు పెడుతున్నాం.

1. మన దగ్గరకు పరిశోధనకు వచ్చే ఎవరైనా, అచ్చయిన తరవాత పది పేజీల సారాంశం తెలుగులో ఇవ్వాలి, తెలుగు చదవలేనివాళ్ళ కోసం తమిళంలో కూడా. హాలులో ఒకసారి చదివి వినిపించాలి. ఒప్పుకుంటూ సంతకం పెట్టాకే రికార్డరు తెరవాలి.

2. ఉగాది సంచికలో 32 పేజీలు ఇంటింటి చదువు లెక్కకు కేటాయించాలి. తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరు, చదివేవాళ్ళు ఎందరు, రాసేవాళ్ళు ఎందరు, తెలుగును తమిళ లిపిలో రాసేవాళ్ళు ఎందరు. నోటితో అడిగి రాసుకోకూడదు. ఒక పేరా ఇచ్చి చదివించి చూడాలి. పేర్లు అచ్చు వేయకూడదు, అంకెలు చాలు.

3. బడి వారీగా, తరగతి వారీగా మన పిల్లల పట్టిక తయారు చేయాలి. పదిమంది దాటిన తరగతి కనబడితే ఆ వారమే అర్జీ పెట్టాలి.

4. ప్రతి నెలా వంద ఇంటి మాటలు సేకరించాలి. వాటితోనే మన పిల్లలకు మొదటి వాచకం వేయాలి. తెంకాయను తెంకాయగానే అచ్చు వేయాలి.

ఖర్చు గురించి ఎవరూ భయపడనక్కరలేదు. రూళ్ళు గీసిన రిజిస్టర్లు, రెండు పెన్నులు, సాయంత్రం పూట గంట సేపు తిరగగలిగే నలుగురు చాలు. గడులు గీయడం, కూడికలు వేయడం, నెలాఖరుకు లెక్క సరిచూడడం మా పని. బెంగుళూరు, సోలాపూరు, బరంపురం సంఘాల వాళ్ళు ఇదే నమూనాలో చేస్తామంటే రిజిస్టరు గడులు పంపుతాం, అందరి అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

తీర్మానాలు వద్దనేవాళ్ళు ఎందుకు వద్దో ఈ పోస్టు కిందే రాయండి, తెలుగులో, తమిళంలో, ఏ లిపిలో అయినా సరే. అవుననేవాళ్ళు మీ పేటలో తిరగడానికి ఏ వారం వీలవుతుందో రాయండి. రిజిస్టర్లు సోమవారం కొంటున్నాం.