మట్టివాసనలోని మందు

తొలకరి చినుకులు పడగానే మన లంజిపల్లి వీధుల్లో మట్టివాసన గుప్పుమంటుంది. ఆ వాసనకు ముఖ్య కారణం మట్టిలో కాపురముండే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా. క్షయరోగానికి మందైన స్ట్రెప్టోమైసిన్ ఈ జాతి నుంచే వచ్చిందని పెద్దవాళ్ళు చాలామంది విని ఉంటారు. పసిపిల్లల కాన్సరుకు వాడే కొన్ని ముఖ్యమైన మందులూ దీని సంతానమే.

1940లో అమెరికాలో వాక్స్‌మన్, వుడ్రఫ్ అనే శాస్త్రజ్ఞులు ఇలాంటి బాక్టీరియా నుంచి ఆక్టినోమైసిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది క్రిములను చంపింది, ఇచ్చిన జంతువులనూ చంపింది. అంత విషాన్ని రోగులకు ఎలా ఇస్తారు? అయితే 1950 దశకంలో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అందులో ఒక రకాన్ని పిల్లల మూత్రపిండంలో పెరిగే విల్మ్స్ గడ్డ మీద ప్రయోగించి మేలు చూశారు. ఆపరేషన్‌కు తోడుగా ఈనాటికీ ఆ మందు వాడుతున్నారు. (బిడ్డకు నూనె రాసి నీళ్ళు పోసేటప్పుడు ఈ గడ్డ తల్లి చేతికే మొదట తగులుతుంది చాలాసార్లు. తగిలితే ఇంటిల్లిపాదీ నొక్కి చూడకండి, అది చిట్లిపోవచ్చు. నేరుగా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.)

తర్వాత ఇటలీలో ఒక పాత కోట దగ్గరి మట్టిలో దొరికిన మరో స్ట్రెప్టోమైసిస్ ఎర్రటి మందునిచ్చింది. అదే డౌనోరూబిసిన్. దాని తోబుట్టువు డాక్సోరూబిసిన్. ఇవి ఎక్కించాక పిల్లల మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తమేమోనని తల్లులు హడలిపోతారు గాని, అది మందు రంగే. అసలు జాగ్రత్త పడవలసింది గుండె విషయంలో. అందుకే జన్మ మొత్తం మీద ఇంతకు మించి ఇవ్వరాదని డాక్టర్లు లెక్క కడతారు.

నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఆస్పరాజినేజ్. ఇది మన పేగుల్లో ఉండే ఇ.కోలై జాతి బాక్టీరియా తయారుచేసే ఎంజైము. మామూలు కణాలు ఆస్పరాజిన్ అనే పోషకాన్ని తామే వండుకోగలవు. లుకేమియా కణాలకు ఆ వంట సరిగా రాదు, రక్తంలోంచి తీసుకుని బతుకుతాయి. ఈ ఎంజైము రక్తంలోని ఆస్పరాజిన్‌ను విరిచేసి వాటిని పస్తులు పెడుతుంది.

ఈ కథలో మన తెలుగువాడొకరున్నారు. బరంపురం, భీమవరం రెండూ మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కాలేయం నుంచీ, బాక్టీరియా పెంచిన ద్రవం నుంచీ వేరుచేసింది. తర్వాత దానికి మారువేషం లాంటి అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. కణం దాన్ని నిజమైన ఫోలిక్ ఆమ్లమనుకుని మోసపోతుంది, విభజన ఆగిపోతుంది. ఇది బాక్టీరియా మందు కాదు, ప్రయోగశాలలో చేసినదే. దీన్ని ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చి, 1948 జూన్‌లో ఫలితం ప్రకటించారు. పదహారుమందిలో పదిమంది తేరుకున్నారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

పదిమంది తేరుకున్నారు గాని, అది తాత్కాలికమే. కొన్ని నెలల్లో జబ్బు తిరగబెట్టింది. నెల రోజుల మందుతో బిడ్డ బుగ్గలు నిండి ఆడుకుంటుంటే "నయమైపోయింది, ఇంక ఈ విషాలెందుకు, ఏదైనా సహజమైన మందు వాడదాం" అనే బంధువులు మనలో చాలామందే. ఆక్టినోమైసిన్ కంటే సహజమైనదేముంది? పెరట్లోని బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ వస్తుందని ఆ ఆకు నమలబోయేవారూ ఉన్నారు. ఆకులో మోతాదు ఎవరికి తెలుసు? కంటికి కనబడని లుకేమియా కణాలు మిగిలే ఉంటాయి గనుకనే పలురకాల మందులు కలిపి రెండు మూడేళ్ళపాటు ఇస్తారు. అలా పూర్తిగా ఇచ్చే సంపన్న దేశాల్లో ఈ పిల్లల్లో నూటికి తొంభైమంది దాకా బతుకుతున్నారు.

తగ్గని జ్వరం, పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి కనిపిస్తే ముందు మన ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించండి. పెద్ద వైద్యానికి కటకంలో ఆచార్య హరిహర్ కాన్సరు సంస్థ, విశాఖలో హోమీభాభా కాన్సరు ఆసుపత్రి ఉన్నాయి. వైద్యం నడుస్తుండగా బిడ్డకు జ్వరమొస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. తెల్లకణాలు తగ్గి ఉన్న ఆ సమయంలో చిన్న సూక్ష్మజీవి చాలు ప్రాణం మీదికి తేవడానికి.